రెండో భాగం మొదటిదాన్ని మించిందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

యాక్షన్ అడ్వెంచర్ వీడియో గేముల సీక్వెళ్ల మీద వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఒక్కచోటే జవాబులు ఇస్తున్నాము. ఆటలు వేరైనా అడిగినవారందరి సందేహమూ దాదాపు ఒకటే: అన్నీ పెరిగిన ఆట నిజంగా మెరుగైన ఆటేనా? కథల్లోని మలుపులు కొన్ని బయటపెట్టక తప్పలేదు కనుక, ఇంకా ఆడనివారు ఆ భాగాలను దాటి చదువుకోగలరు.

ప్రశ్న: ‘బ్యాట్‌మ్యాన్: ఆర్ఖమ్ అసైలమ్’ ముగించి వెంటనే ‘ఆర్ఖమ్ సిటీ’ మొదలుపెట్టాను. కొట్లాట, గాలిలో తేలడం, పరికరాలు అన్నీ రెండోదానిలోనే బాగున్నాయి. అయినా మొదటి ఆట మీద కలిగిన మమకారం దీని మీద కలగడం లేదు. మిత్రులందరూ రెండోదే గొప్పదని అంటున్నారు. లోపం నాలో ఉందా, ఆటలో ఉందా?

జవాబు: లోపం మీలో లేదు, మీ మిత్రులు చెబుతున్నది కూడా అబద్ధం కాదు. మీరు ఒకే ప్రశ్న అనుకుంటున్నదానిలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చేతిలో కంట్రోలర్ పట్టుకున్నప్పుడు ఏ ఆట బాగుంటుందన్నది ఒకటి, మొదటినుంచి చివరిదాకా ఏ ఆట కూర్పు బాగుందన్నది మరొకటి. మొదటిదానికి జవాబు ‘సిటీ’, రెండోదానికి ‘అసైలమ్’.

ముందు మీ మిత్రుల పక్షం చూద్దాము. 2009లో రాక్‌స్టెడీ సంస్థ ‘అసైలమ్’ విడుదల చేసినప్పుడు అందులోని కొట్లాట పద్ధతి ఎంత నచ్చిందంటే, తరువాతి కాలంలో వచ్చిన ఎన్నో ఆటలు దానినే అనుసరించాయి. అయితే ఆ ఆటలో బాస్ ఫైట్లు, అంటే ప్రధాన శత్రువులతో జరిగే పోరాటాలు, బలహీనంగా ఉండేవి. దూసుకొచ్చే భారీ శత్రువును తప్పుకోవడం, అతడు గోడకు గుద్దుకున్నాక కొట్టడం అన్న తంతే పలుమార్లు ఎదురవుతుంది. చివర జోకర్‌తో జరిగే పోరు సైతం అంతవరకూ నడిచిన కథ స్థాయిని అందుకోదు. 2011లో వచ్చిన ‘సిటీ’ ఈ లోపాన్ని సరిగ్గా గుర్తించింది. మిస్టర్ ఫ్రీజ్‌తో జరిగే పోరాటాన్నే తీసుకోండి. ఒకసారి పనిచేసిన ఎత్తు అతడి మీద రెండోసారి పనిచేయదు, ఎందుకంటే దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ దారిని అతడు మూసేస్తాడు. కనుక వెనకనుంచి వెళ్లడం, పైనుంచి దూకడం, నేల కింది జాలీలోంచి రావడం వంటి, అంతవరకూ విడివిడిగా నేర్చుకున్న విద్యలన్నింటినీ ఆటగాడు ఒకదాని తరువాత ఒకటిగా బయటికి తీయాల్సి వస్తుంది. మునుపటి ఆటలో మనం ఒకే ఎత్తుకు అలవాటుపడి బద్ధకించామని తెలిసినవారే ఇలాంటి పోరాటాన్ని రూపొందించగలరు.

డిటెక్టివ్ చూపు సంగతి కూడా ఇలాంటిదే. ‘అసైలమ్’లో గోడల అవతల ఉన్న శత్రువులను అస్థిపంజరాలుగా చూపించే ఈ సదుపాయం మరీ ఉపయోగకరంగా ఉండడంతో చాలామంది ఆటంతా దాన్ని ఆపకుండానే ఆడేశారు, దానితో చిత్రకారులు శ్రమపడి తీర్చిదిద్దిన గదులు నీలిరంగు మసకలోనే గడిచిపోయాయి. ‘సిటీ’లో కొందరు శత్రువులు ఆ చూపునే చెడగొట్టే యంత్రాలు మోసుకుతిరుగుతారు. ఇక గాలిలో ప్రయాణం విషయంలో పోలికే లేదు. తాడు లాగిన ఊపుతోనే పైకి ఎగసి, రెక్కలు విప్పి, కిందికి దూకి మళ్లీ ఎత్తుకు లేవడం చేతికి పట్టుబడిన తరువాత, గమ్యం మరిచి ఊరికే తిరగాలనిపిస్తుంది. చిక్కుప్రశ్నలు వేసే ప్రతినాయకుడు రిడ్లర్ దాచిన వస్తువులు మొదటి ఆటలో 240 సవాళ్లలో భాగమైతే, రెండోదానిలో క్యాట్‌వుమన్‌వి కూడా కలుపుకొని 440 అయ్యాయి. సంఖ్య కన్నా చెప్పుకోదగ్గది ఏమిటంటే వాటిలో చాలావరకు ఇప్పుడు నిజమైన పజిళ్లు. వాటి జాడ తెలిసిన మనిషి శత్రువుల గుంపులో ఆకుపచ్చగా మెరుస్తుంటాడు, మిగిలినవారందరినీ పడగొట్టి అతడొక్కడినే మాట్లాడగలిగే స్థితిలో ఉంచాలి. ఈ చిన్న షరతుతో వీధికొట్లాట కూడా ఒక ఆలోచనగా మారుతుంది.

ఇప్పుడు మీ పక్షం. ‘అసైలమ్’ ఒక దీవిలో, ఒకే రాత్రిలో జరుగుతుంది. పిచ్చాసుపత్రి, జైలు, పాత భవంతి, తోట అన్నీ నడిచి చేరగలిగినంత దగ్గరగా ఉంటాయి, వాటి మధ్య మీరు మళ్లీ మళ్లీ తిరుగుతారు. మొదట అందని ఎత్తు కొత్త పరికరం చేతికి రాగానే అందుతుంది. ఇంకా ముఖ్యంగా, మీరు తిరిగి వచ్చేసరికి ఆ చోటు అలాగే ఉండదు. పాయిజన్ ఐవీ అన్న ప్రతినాయిక పెంచిన మొక్కలు దీవిని ఆక్రమించిన తరువాత మీకు కంఠస్థమైన దారులే అడ్డం తిరుగుతాయి. ఎక్కి దాక్కోవడానికి నమ్ముకున్న రాతిబొమ్మలకు ఒక దశలో జోకర్ బాంబులు అమరుస్తాడు. చోటు చిన్నది కావడం వల్లనే అది మీకు తెలుసు, తెలియడం వల్లనే దాని మార్పు మీకు తగులుతుంది. విషవాయువుతో భయంకరమైన భ్రమలు కలిగించే స్కేర్‌క్రో ఘట్టాలలో మూడోది గుర్తుచేసుకోండి: ఆట చెడిపోయినట్టు తెర చెదిరి, ప్రారంభ సన్నివేశం తారుమారై మళ్లీ మొదలవుతుంది. యంత్రమే పాడైందని నిజంగా కంగారుపడినవారు ఎందరో ఉన్నారు. అంతటి మోసం చేయాలంటే ఆటగాడి ప్రతి అడుగూ రచయిత గుప్పిట్లో ఉండాలి.

‘సిటీ’ ఆ గుప్పిటను తెరిచింది. గోతమ్ నగరంలో కొంత భాగానికి గోడ కట్టి ఖైదీలను వదిలేశారన్నది కథ. బ్యాట్‌మ్యాన్ ఒంట్లో విషరక్తం పారుతుంటుంది, ఆ జైలును నడిపే హ్యూగో స్ట్రేంజ్ తలపెట్టిన పథకానికి ఇంకా ఇన్ని గంటలే ఉన్నాయని లౌడ్‌స్పీకర్లు లెక్కపెడుతుంటాయి. అయినా మీరు తీరిగ్గా రిడ్లర్ ట్రోఫీలు ఏరుకోవచ్చు, విక్టర్ జాజ్ అన్న హంతకుడు మోగించే ఫోన్ల వెంట పరుగెత్తవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కథలోని తొందరకూ ఆటలోని తీరికకూ పొత్తు కుదరలేదు. అందుకే మీ మమకారం ఆ ఊరికి బదిలీ కాలేదని నేను అనుకుంటున్నాను. నా మటుకు ‘సిటీ’ని తరచూ తెరుస్తుంటాను, ఒక అరగంట ఎగిరి మూసేస్తాను. ‘అసైలమ్’ తెరిస్తే మాత్రం చివరిదాకా పూర్తిచేయకుండా ఉండలేను.

ప్రశ్న: అలాగైతే అదే వరుసలోని ‘ఆర్ఖమ్ నైట్’ మాటేమిటి? అది ఇంకా పెద్దది కదా.

జవాబు: 2015లో వచ్చిన ఆ ఆట చూడడానికి ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. కానీ తయారీదారులకు బ్యాట్‌మొబైల్ మీద ప్రేమ ఎక్కువై, పజిల్‌కూ కారే, పోరాటానికీ కారే, రిడ్లర్‌కు కూడా పందెపు దారులే అన్నట్టు తయారైంది. ట్యాంకులతో జరిగే కాల్పులు మూడోసారికే విసుగు పుట్టిస్తాయి, ఆట మాత్రం వాటిని వదిలిపెట్టదు. విడుదలైనప్పుడు పీసీ రూపం ఎంత అధ్వానంగా పనిచేసిందంటే, దాని అమ్మకాలను కొన్ని నెలలపాటు ఆపేయాల్సి వచ్చింది. కొత్తగా చేర్చిన పని పాత పనుల పక్కన ఒదిగి కూర్చోవాలి, వాటిని లేపి తాను కూర్చోకూడదు.

ప్రశ్న: మీ మాటలను బట్టి చూస్తే ఓపెన్ వరల్డ్ (ఎటైనా స్వేచ్ఛగా తిరగగల ఆట) అంటేనే మీకు పడదేమో అనిపిస్తోంది. జెల్డా వరుసలోని ‘టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్’ పాత మ్యాప్‌నే మళ్లీ ఇచ్చింది, పైగా దానికి ఆకాశం, పాతాళం కలిపింది. దానిని ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ కన్నా మెరుగైనదిగా ఒప్పుకుంటారా, లేక పాత సరుకుకు కొత్త పేరని అంటారా?

జవాబు: పడకపోవడం ఏమీ లేదు. 2023లో వచ్చిన ఈ ఆటను, 2017 నాటి ఆట మీద చాలా పెద్ద ముందడుగుగానే భావిస్తాను. మ్యాప్ పాతదే అన్న ఫిర్యాదు మొదట్లో నాకూ సబబుగానే తోచింది గాని, ఆడుతున్నకొద్దీ అందులోని తెలివి తెలిసివచ్చింది. ఆట జరిగే హైరూల్ రాజ్యంలోని కొండలు అవే, వాగులు అవే. మారింది మీరు చేయగలిగే పనులు. మొదటి ఆటలో ఒక కొండ ఎదురైతే ఒంట్లో ఎంత ఓపిక మిగిలిందో చూసుకొని, వాన వస్తుందేమోనని బెదురుతూ, పట్టు దొరికే చోటు వెతుక్కుంటూ ఎక్కాలి. రెండోదానిలో అదే కొండ కింద ఒక గుహ ఉంటే, లోపలికి వెళ్లి అసెండ్ అన్న శక్తితో పైకప్పు గుండా ఈదుకుంటూ శిఖరం మీద తేలవచ్చు. ఈ శక్తి మొదట తయారీదారులు పరీక్షల కోసం తమకు తాము పెట్టుకున్న అడ్డదారి. దాన్ని తీసేయకుండా ఆటగాడి చేతికే ఇవ్వడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే మ్యాప్‌లో ఎక్కడ ఎవరు తేలతారో ఇక వారి అదుపులో ఉండదు.

మొదటి ఆటకు వచ్చిన ఫిర్యాదులలో అతి పెద్దది ఆయుధాలు విరిగిపోవడం. ఇష్టపడి దాచుకున్న కత్తి నాలుగు పోరాటాలకే ముక్కలవుతుంటే, మంచి ఆయుధాన్ని వాడడానికే చేయి వెనకాడేది. ఎవరైనా చేసే సులువైన దిద్దుబాటు ఆ నియమాన్ని తీసేయడం. దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి, నిర్మాత ఐజి అవోనుమాల బృందం దాన్ని అలాగే ఉంచి ఫ్యూజ్ అన్న విద్యను పక్కన పెట్టింది. కర్రకు బండరాయి, బాణానికి రాక్షసుడి కన్ను, డాలుకు రాకెట్, ఇలా దేనికి ఏది అతికించినా ఒక కొత్త ఆయుధమే. రాక్షసుల కొమ్ములు అంతవరకూ సంచిలో పడి ఉండే ముడిసరుకు, ఇప్పుడు అవే మీ కత్తికి పదును. విరగడం నష్టంగా తోచడం మానేసి, తరువాత ఏమి అతికిద్దామన్న ఉత్సాహం మొదలవుతుంది. ఫిర్యాదుకు కారణమైన నియమాన్నే వినోదానికి మూలంగా మార్చడం సీక్వెళ్లలో చాలా అరుదు.

అయితే లోటుపాట్లు లేకపోలేదు. పాతాళం మొదటి కొన్ని గంటలు నిజంగా వణికిస్తుంది. పైన గుడి ఉన్న చోటికి సరిగ్గా కిందనే దీపంలాంటి వేరు ఉంటుందని గ్రహించిన క్షణం ఆట మొత్తంలోనే అందమైనది. ఆ తరువాత మాత్రం చీకటి, బురద, అవే శిబిరాలు. నాలుగు ప్రధాన దేవాలయాల చివరా ఒక పూర్వీకుడు కనిపించి దాదాపు ఒకే యుద్ధకథను ఒకే రీతిలో వినిపిస్తాడు; ఏ క్రమంలో ఆడినా అర్థం కావాలన్న జాగ్రత్త వల్ల వచ్చిన తిప్పలు ఇవి, కానీ మూడోసారి వినేవాడికి ఆ జాగ్రత్త ఊరటనివ్వదు. రెండు పంకాలు, ఒక పిడి అతికించి ఎగిరే బండి తయారుచేసుకున్నవారికి ప్రయాణంలోని కష్టమూ పోతుంది, దానితో పాటే రుచీ పోతుంది. తొలి ఆటలోని ఒంటరితనం, నిశ్శబ్దంలో గడ్డి ఊగుతుండగా దూరాన పొగ కనబడితే అటు నడిచిపోవడం, ఇందులో దొరకదు. ఆ అనుభూతి కోసమే ఆడేవారికి మొదటిదే సరైనది.

ప్రశ్న: ‘అసాసిన్స్ క్రీడ్’ మొదటి భాగాన్ని వదిలేసి నేరుగా రెండోదానికి వెళ్లమని మా అన్నయ్య సలహా ఇస్తున్నారు. రెండో భాగం అంతగా మెరుగైందా?

జవాబు: మెరుగైంది, అందులో రెండో మాట లేదు. 2007 నాటి మొదటి ఆటలో కథానాయకుడు అల్టాయిర్ తొమ్మిది మందిని చంపాలి, తొమ్మిది సార్లూ దాదాపు ఒకే క్రమం: నగరానికి వెళ్లడం, బురుజులెక్కి చుట్టూ చూడడం, ఒకరి మాటలు పొంచి వినడం, ఒకరి జేబు కొట్టడం, ఒకరిని తన్ని నిజం రాబట్టడం, ఆ తరువాత హత్య. మూడో క్రూసేడు కాలంలోని డమాస్కస్, ఏకర్, జెరూసలేమ్ నగరాలు చూడముచ్చటగా ఉన్నా, నాలుగో హత్య నాటికి చేసే పని యాంత్రికమైపోతుంది. పైగా అంతెత్తు గోడలను పాకే వీరుడు నీటిలో పడితే చచ్చిపోతాడు. 2009లో వచ్చిన రెండో ఆటలో కథానాయకుడు ఎజియో ఈదగలడు, రెండు చేతులకూ దాపుడు కత్తులున్నాయి, లియొనార్డో డా విన్చీ కొత్త పరికరాలు చేసిపెడతాడు, సంపాదించిన డబ్బుతో మోంటెరిజియోని గ్రామాన్ని బాగుచేయవచ్చు. హత్యల మధ్య చేసే పనులు కూడా ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి.

వీటన్నింటికన్నా నాకు ఎక్కువగా నచ్చిన తేడా చాలా చిన్నది. మొదటి ఆటలో ఊళ్లన్నీ తిరిగి 420 జెండాలు ఏరవచ్చు, ఏరినందుకు కథలో జరిగేది ఏమీ లేదు. రెండోదానిలో ఏరవలసినవి 100 ఈకలు. కథ మొదట్లోనే ఎజియో తండ్రినీ సోదరులనూ ఉరితీస్తారు. వారిలో చిన్నవాడైన పెత్రూచోకు ఈకలు దాచుకునే అలవాటు ఉండేది. ఆ దుఃఖంతో మాట పడిపోయిన తల్లి గదిలోని పెట్టెలో ఎజియో ఒక్కొక్క ఈకనే చేరుస్తాడు. ఏరే పని రెండింటిలోనూ ఒకటే, కానీ ఇక్కడ దానికి ఒక మనిషి కారణమయ్యాడు.

అయినా మీ అన్నయ్యగారి సలహాలో సగమే పాటించండి. తొలి ఆటలో హత్యకు ముందు మీరు పోగేసిన సమాచారంలో కాపలా ఎక్కడుంది, ఏ దారి తెరిచి ఉంటుంది అన్న వివరాలు నిజంగానే ఉంటాయి, వాటిని చదువుకొని మీ పథకం మీరే వేసుకోవచ్చు. తెరమీది గుర్తులన్నీ ఆపేసి ఒక్క హత్యనైనా అలా చేసి చూడండి. రెండో ఆట ఈ గుణాన్ని చాలావరకు వదిలేసి, ఎక్కడికి వెళ్లాలో ఏం చేయాలో తానే చూపిస్తుంది. మొదటిదాన్ని మూడు హత్యల వరకు ఆడి ఆపినా నష్టం లేదు.

ప్రశ్న: ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరోక్’లో పజిల్ ముందు నిలబడగానే పక్కనున్న పాత్ర జవాబు చెప్పేస్తోంది. దీనికి ముందు వచ్చిన 2018 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’లో ఇంత లేదు. దీన్ని మెరుగుదల అనవచ్చా?

జవాబు: ఆ ఒక్క విషయంలో అనలేము. గొడ్డలి ఎక్కడికి విసరాలో మీరు చూసుకునేలోపే కథానాయకుడు క్రేటోస్ కొడుకైన అట్రేయుస్ చెప్పేస్తే, ఆ పజిల్ పెట్టడం దేనికి? ఆటగాడు ఎక్కడా చిక్కుకుపోకూడదన్న భయం పెద్ద ఆటలన్నింటిలోనూ కనిపిస్తోంది, ఇక్కడ అది హద్దు దాటింది. మిగిలిన విషయాలలో 2022 నాటి ఈ ఆట తన ముందుదాని అప్పులు బాగానే తీర్చింది. 2018లో దారి కాపలా అంటే రంగు మార్చుకొని వచ్చే ట్రోలే, ఇప్పుడు శత్రువులు రకరకాలుగా ఉన్నారు. తొలి ఆట నడిమధ్యలో క్రేటోస్ తన పాత కత్తులను నేలకింద నుంచి తీసిన ఘట్టానికి సాటివచ్చేది మాత్రం ఇందులో లేదు. గొడ్డలి, కత్తులు రెండూ మొదటినుంచే చేతిలో ఉంటాయి కనుక మూడోదిగా ద్రౌప్నిర్ ఈటెను ఇచ్చారు. ఆయుధంగా అది చక్కనిదే, కానీ దానిని అందుకున్నప్పుడు గుండె బరువెక్కదు. ఐరన్‌వుడ్‌లో అట్రేయుస్‌తో నడిపించే భాగం ఇంత పొడుగు అవసరం లేదని కూడా చెప్పాలి.

ప్రశ్న: మొదటిదాన్ని పూర్తిగా మార్చేసిన సీక్వెల్‌ను ఎలా చూడాలి? పాత జెల్డా రెండో భాగం చూసి ఆశ్చర్యపోయాను.

జవాబు: 1986 నాటి మొదటి జెల్డాను పైనుంచి చూస్తూ ఆడతాము, 1987 ప్రారంభంలోనే జపాన్‌లో వచ్చిన రెండోది పోరాటాలను పక్కనుంచి చూపించి, అనుభవ పాయింట్లతో స్థాయిలు పెంచుకోమంది. కత్తియుద్ధంలో ఎత్తునుంచి కొట్టడం, వంగి కొట్టడం వంటి మెలకువలు చేరాయి గాని, ఎటు వెళ్లాలో ఊహించుకునే ఆనందం తగ్గి, కష్టం విపరీతంగా పెరిగింది. దాన్ని సీక్వెల్‌గా కొలిస్తే ఓడుతుంది. వేరే ఆటగా చూస్తే ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు పెట్టదగినదే.

ప్రశ్న: రెండో భాగం ఆడిన తరువాత మొదటిది ఆడితే మోటుగా ఉంటుందని అంటారు. ఏ క్రమంలో ఆడమంటారు?

జవాబు: వచ్చిన క్రమంలోనే ఆడండి. కథ అర్థం కావడం కన్నా చేతి అలవాటు ఇక్కడ ముఖ్యం: తాడుతో ఎగసే ఊపు రుచి చూసిన వేలు అది లేని ‘అసైలమ్’లో పదేపదే అదే మీటను నొక్కి నిరాశపడుతుంది. ఆర్ఖమ్ తొలి రెండు ఆటలూ 2016లో ‘రిటర్న్ టు ఆర్ఖమ్’ పేరుతో ఒకే సంపుటిగా పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాలకు వచ్చాయి కాబట్టి వాటిని వరుసగా ఆడడం సులువే. రెండింటి మధ్య కొన్ని వారాలు మరేదైనా ఆడితే ఇంకా మంచిది, ఎందుకంటే వెంటవెంటనే ఆడినప్పుడు రెండోదాని కొట్లాటలోని కొత్తదనం సగం కనబడదు. రెండోదాన్ని ఇప్పటికే ఆడేసినవారు మొదటిదాన్ని మొదలుపెట్టేటప్పుడు డిటెక్టివ్ చూపును అవసరమైనచోట తప్ప ఆపేసి ఆడితే, మోటుదనం కన్నా ముందు ఆ భవనాలే కంటికి ఆనుతాయి.